ఏలూరు వింతవ్యాధి: జబ్బు పడనివారిని ఎవరు అడిగారు?

గత నెలలో ఏలూరు వన్‌టౌన్ నుండి ఒకావిడ వట్లూరులోని మా ఇంటికి వచ్చారు. రక్తపోటు మందుల చీటీ ఒకసారి చూపించుకోవడానికి. నేను ప్రాక్టీసు మానివేసి చాలా ఏళ్ళయినా పాత పరిచయస్తులు ఇలా వస్తూనే ఉంటారు. చీటీ చూసి, మందు మార్చనవసరం లేదని చెప్పిన తరువాత కూడా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరుగారూ, అప్పట్లో మా ఆయనకీ, మా అబ్బాయికీ వచ్చిందే, ఆ మూర్ఛ... అసలది ఏంటండీ? మళ్ళీ వస్తుందంటారా?"

"పురుగుమందుల అవశేషాల వల్లనని చెప్పారు కదమ్మా" అన్నాను.

"అది మాకూ తెలుసండీ. ఏది మానేస్తే రాదో ఎవరూ చెప్పలేదండీ. నీళ్ళు మానాలా, కూరలు మానాలా, బియ్యం మానాలా?"

నా దగ్గర సమాధానం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నేను, ఆ ఊరి పక్కనే ఉంటూ, పత్రికలలో వచ్చిన ప్రతి ప్రకటననూ కత్తిరించి దాచుకున్న నేను, ఆవిడకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోయాను. మాట మార్చడానికన్నట్లు, ఇంట్లో ఇంకెవరికి వచ్చిందని అడిగాను. తనకు రాలేదన్నారు. అత్తగారికీ రాలేదన్నారు. అత్తగారు ఆ రోజుల్లో కార్తీకమాసం నక్తాలు ఉంటూ, పగలంతా ఏమీ తినకుండా, సాయంకాలం తన మడివంట తానే వండుకుని తినేవారట. ఆవిడ గురించి ఎవరైనా వచ్చి అడిగారా అన్నాను.

"లేదండీ. జబ్బు పడినవాళ్ళ సంగతే అడిగి రాసుకున్నారండీ."

ఈ వ్యాసం వ్రాయడానికి ఆ మాటే కారణం.

దూరప్రాంతాల పాఠకులకు ఆనాటి సంగతి కొంత గుర్తుచేయాలి. 2020 డిసెంబరు మొదటి వారం. కోవిడ్ మొదటి కెరటం తగ్గుముఖం పట్టి, జనం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న సమయం. ఏలూరు అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. ఏలూరు పేరుతో ప్రత్యేక జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. డిసెంబరు 4, 5 తేదీలలో వన్‌టౌన్ వీధులలో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలసాగారు. దక్షిణపు వీధి, పడమర వీధి, కొబ్బరితోట వంటి పేర్లు రెండు రోజులలో దేశమంతటా వినిపించాయి. మూడు నుండి ఐదు నిమిషాల పాటు మూర్ఛ, నోట నురగ, కొద్దిసేపు మతిమరుపు, కొందరికి వాంతులు, తలనొప్పి, నడుము నొప్పి, ఆందోళన. పిల్లలు, వృద్ధులు, ఆడ, మగ అన్న భేదం లేదు. చాలామంది కొద్ది గంటలలోనే తేరుకుని, మరునాటికి ఇంటికి వెళ్ళిపోయారు. వారం పది రోజులలో బాధితుల సంఖ్య ఆరు వందలు దాటింది. ఒకరు మరణించారు. తరువాత, వచ్చినట్లే అది తగ్గిపోయింది.

ఆ రోజులలో మా వట్లూరు వరకు 108 వాహనాల సైరన్లు వినబడేవి. నాకు డెబ్బై దాటడం వలన, కోవిడ్ భయం వలన ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వలేదు. ఆసుపత్రిలో పనిచేస్తున్న మా జూనియర్లతో ఫోనులో మాట్లాడడమే నాకు మిగిలింది. ఒక మాట ముందే చెప్పాలి. ఆ వారంలో ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, నర్సులు చేసిన సేవ సామాన్యమైనది కాదు. ఏడాదిగా కోవిడ్ విధులతో అలసిపోయి ఉన్నవారి మీద వందలకొద్దీ మూర్ఛ కేసులు వచ్చిపడ్డాయి. ఒక్కరిని మినహా అందరినీ ఇంటికి పంపగలిగారంటే అది వారి గొప్పతనం. నేను విమర్శించేది వారిని కాదు.

కారణం కోసం దేశంలోని పెద్ద సంస్థలన్నీ కదిలాయి. మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్‌లు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., నాగపూర్ నుండి నీరి, పుణే వైరాలజీ సంస్థ, జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతినిధులు. నీరు, పాలు, బియ్యం, కూరగాయలు, రక్తం, మూత్రం, వెన్నునీరు అన్నీ సీసాలలో నిండి నలుదిక్కులకూ ప్రయాణం కట్టాయి. కోవిడ్ కాదన్నారు. డెంగీ కాదు, చికున్‌గున్యా కాదు, మెదడువాపు వైరస్ కాదన్నారు. ఒకరి నుండి ఒకరికి అంటడం లేదన్నారు. తరువాత రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని వార్త వచ్చింది. ఆ పిమ్మట కూరగాయలలో పురుగుమందుల అవశేషాలన్నారు. డిసెంబరు మధ్యలో జరిగిన సమీక్షలో, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణంగా కనిపిస్తున్నాయనీ, అవి శరీరంలోకి ఎలా ప్రవేశించాయో తేల్చడానికి దీర్ఘకాలిక పరిశీలన అవసరమనీ నిపుణులు చెప్పారు. సామాన్యుడికి కథ అక్కడితో ముగిసింది.

ఇక వైద్యుడిగా నా సందేహాలు. మొదట సీసం సంగతి. సీసం రక్తంలో చేరితే తేలికగా పోదు. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికే సుమారు ఒక నెల పడుతుంది. ఎముకలలో చేరినది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. సీసం వలన పిల్లలకు మూర్ఛలు రావడం మాకు పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయమే. కాని అటువంటి బిడ్డ ఐదు నిమిషాలు మూర్ఛపోయి, సాయంత్రానికి ఇడ్లీ తిని ఇంటికి నడిచి వెళ్ళడు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆనాడు దక్షిణపు వీధిలో జబ్బు పడని మనిషి రక్తం తీసి చూస్తే అందులో సీసం ఎంత ఉండేది? పాత పెయింట్లు, బ్యాటరీలు, దశాబ్దాల పాటు సీసం కలిపి అమ్మిన పెట్రోలు, వీటి మధ్య బ్రతికిన మన పట్టణవాసుల రక్తంలో ఎంతో కొంత సీసం ఉండనే ఉంటుంది. జబ్బు పడినవారిలో కనబడినంత మాత్రాన అది దోషి కాదు. సంతలో దొంగతనం జరిగిన చోట కనబడిన వారందరూ దొంగలా?

పురుగుమందుల సంగతి ఇంకొంచెం దగ్గరగా వస్తుంది. కాని ఇక్కడ కూడా ఒక చిక్కుంది. గోదావరి జిల్లాలలో పనిచేసిన ఏ ప్రభుత్వ వైద్యుడికైనా పురుగుమందు త్రాగినవారిని చూడడం నిత్యకృత్యం. ఆర్గానోఫాస్ఫరస్ మందు అయితే కంటిపాప ఆవగింజంత అవుతుంది. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, నాడి నెమ్మదించడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. రాత్రంతా పక్కన కూర్చుని, చొంగ ఆరి, నాడి పుంజుకునే దాకా అట్రోపిన్ ఎక్కిస్తూ ఎన్ని ప్రాణాలు నిలబెట్టామో, ఎన్ని పోగొట్టుకున్నామో లెక్క లేదు. రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైము ఎంత పడిపోయిందో చూస్తే ఆ విషాన్ని పట్టుకోవచ్చు. ఏలూరులో పత్రికలు వర్ణించిన చిత్రం దీనికి అంతగా సరిపోదు. తక్కిన లక్షణాలు పెద్దగా లేకుండా హఠాత్తుగా మూర్ఛ మాత్రమే వచ్చిందంటే నా మనసు ఆర్గానోక్లోరిన్ జాతి మందుల వైపు పోతుంది. ఎండోసల్ఫాన్ ఆ జాతిదే. 'పురుగుమందు' అన్న ఒక్క మాటలో ఇంత తేడా ఇమిడి ఉంది. కనుక ఏ మందు, ఏ పదార్థం ద్వారా, ఎంత మోతాదులో అన్న మూడు ముక్కలూ తెలియనిదే ఆ నిర్ధారణ ఆ ఇల్లాలికి ఎందుకూ కొరగాదు.

ఈ మూడు ముక్కలను యంత్రం ఒక్కటే చెప్పలేదు. చెప్పగలిగిన శాస్త్రం పేరు ఎపిడెమియాలజీ. దీనిని మనవారు సాంక్రమిక వ్యాధిశాస్త్రమని అనువదించారు. అందువలన అంటువ్యాధులకే పరిమితమన్న భ్రమ కలుగుతుంది గాని, గ్రీకు మూలంలో దాని అర్థం 'ప్రజల మీద వచ్చిపడినదానిని గురించిన విద్య' అని. క్రిములున్నా లేకున్నా దాని పద్ధతి ఒక్కటే. ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని లెక్క వ్రాయడం. ఆ పైన, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు అని అడగడం. మొదటి మూడు ప్రశ్నలు అందరూ అడుగుతారు. నాలుగవది మరచిపోతారు.

వైద్య విద్యార్థులందరికీ 1854 నాటి లండన్ కలరా కథ తెలుసు. డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ మరణాలను గుర్తించి, పంపు పిడి తీయించాడని చదువుకుంటారు. సెప్టెంబరు 8న పిడి తీశారు. ఆ వ్యాప్తిలో సుమారు ఆరు వందల మంది మరణించారు. అయితే నా దృష్టిలో ఆ కథకు ప్రాణం పటంలో గుర్తించిన మరణాలలో కంటె, గుర్తు పడని చోట్లలో ఉంది. అదే వీధిలో ఒక సారాయి బట్టీ ఉండేది. డెబ్బై మందికి పైగా పనివాళ్ళు. ఒక్కరూ కలరాతో చనిపోలేదు. స్నో వెళ్ళి యజమానిని అడిగాడు. పనివాళ్ళు అక్కడ కాచిన బీరే త్రాగుతారు, బట్టీకి సొంత బావి ఉంది, వీధిపంపు నీరు ముట్టరు అని తెలిసింది. పక్కనే ఉన్న అనాథ శరణాలయంలో ఐదు వందల మందికి పైగా ఉంటే మరణించినవారు ఐదుగురే. దానికీ సొంత బావి ఉంది. మరోవైపు, మైళ్ళ దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు కలరాతో మరణించింది. ఆ చుట్టుపక్కల కలరా లేదు. విచారిస్తే, బ్రాడ్ స్ట్రీట్ నీటి రుచి నచ్చి ఆమె రోజూ ఒక సీసా తెప్పించుకునేదని తేలింది. రాబర్ట్ కాక్ కలకత్తాకు వచ్చి కలరా క్రిమిని నిర్ధారించింది 1884లో. అంటే, క్రిమి ఏదో లోకానికి తెలియకముందు ముప్పై ఏళ్ళ నాడే, ఏది మానాలో స్నో చెప్పగలిగాడు. అతడి దగ్గర ప్రయోగశాల పరికరాలు ఏపాటివి?

పాఠం చెప్పడం సులువు. ఆ పని నేను చేయవలసి వచ్చినప్పుడు ఎలా చేశానో కూడా చెప్పుకోవాలి.

1980లలో నేను కొల్లేటి ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండేవాడిని. వానాకాలంలో ఒక లంకగ్రామంలో వాంతులు విరేచనాలు మొదలయ్యాయి. రోడ్డు లేదు. సెలైన్ పెట్టెలు తాటిదోనెలో వేసుకుని వెళ్ళాము. నేను వెళ్ళేసరికే ఒక ముసలాయన పోయాడు. ఆ రాత్రి ఒక పసిబిడ్డ నా చేతుల్లో పోయింది. ఊరి మంచినీటి చెరువు చూడగానే నాకు కోపం వచ్చింది. గేదెలు ఒకవైపు, బిందెలు ఒకవైపు. ఇంకేముంది, కారణం దొరికిందనుకున్నాను. బస్తాలకొద్దీ బ్లీచింగు పౌడరు కలిపించి, దండోరా వేయించాను. రెండు రోజులైనా కేసులు ఆగలేదు.

మా ఏ.ఎన్.ఎం. నర్సమ్మగారు పదవ తరగతి చదివిన మనిషి. మూడవ రోజు ఆవిడ టీకాల రిజిస్టరు వెనుక పేజీలు నా ముందు పెట్టారు. జబ్బు వచ్చిన ఇళ్ళు ఒక వరుసలో, రాని ఇళ్ళు మరొక వరుసలో వ్రాసుకుని ఉన్నారు. "చెరువు నీళ్ళు అందరూ తాగుతున్నారు సార్. చెరువు వల్లయితే ఈ వరుసవాళ్ళకి కూడా రావాలి కదండీ" అన్నారు. వచ్చిన ఇళ్ళన్నింటి నుండీ ఎవరో ఒకరు ఒకే చేపల చెరువు గట్టు పనికి వెళ్ళారు. అక్కడ మంచినీరు లేక, పక్కనున్న మురుగుకాలువ నీటినే త్రాగారు. మొదట పడినవారు వారే. వారి ద్వారా ఇంట్లోని పిల్లలకు వచ్చింది. ఆ పని ఆపించి, గట్టు మీదకు మంచినీటి పీపాలు పంపించి, ఇళ్ళలో చేతులు కడిగించి, వచ్చిన ఇళ్ళవారి నీటికుండలలో క్లోరిన్ వేయించిన తరువాతే ఊరు కుదుటపడింది.

ఆవిడ రెండు వరుసలు వ్రాయకపోయి ఉంటే నేను ఇంకా ఎన్నాళ్ళు చెరువులో బ్లీచింగు పోస్తూ ఉండేవాడినో. ఇంకొకటి కూడా చెప్పాలి. నివేదికలో 'కలరా' అన్న మాట వ్రాయవద్దని పై అధికారి ఒకరు సూచించారు. 'జీర్ణకోశ వ్యాధి' అని వ్రాశాను. వయసులో చిన్నవాడిని, ఉద్యోగం కొత్త అని ఇప్పుడు సాకులు చెప్పుకోవచ్చు. కాని ఆ రెండు వరుసల కాగితం నా నివేదికకు జతచేయకపోవడానికి ఏ సాకూ లేదు. ఆ రిజిస్టరు పాత కాగితాలలో పోయింది. తరువాత వచ్చిన వైద్యుడికి ఆ గట్టు సంగతి తెలిసే అవకాశం లేదు.

మన దేశంలో ఈ పద్ధతి పెద్ద ఎత్తున ఫలించిన సందర్భం బీహారులోని ముజఫర్‌పూర్. అక్కడ ఏటా ఎండాకాలంలో, లిచీ పళ్ళ కాలంలో, తెల్లవారుజామున పిల్లలు మూర్ఛలతో మరణించేవారు. వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు, పురుగుమందులన్నారు. రెండు దశాబ్దాలు గడిచాయి. 2014లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా సి.డి.సి. కలసి ఒక పని చేశాయి. జబ్బు పడిన 104 మంది పిల్లలను, దాదాపు అదే వయసుగల, ఈ జబ్బు లేని 104 మంది పిల్లలను తీసుకుని ఒకే ప్రశ్నలు అడిగాయి. ముందురోజు లిచీ తిన్నారా? రాత్రి అన్నం తిన్నారా? లిచీ తిని, రాత్రి భోజనం లేకుండా పడుకున్న పిల్లలలోనే ప్రమాదం ఎక్కువగా కనబడింది. లిచీలోని హైపోగ్లైసిన్ అనే పదార్థం, ఖాళీ కడుపుతో ఉన్న బక్కచిక్కిన పిల్లల రక్తంలో చక్కెరను అడుగంటజేస్తుందని ప్రయోగశాల తరువాత బలపరిచింది. ఈ అధ్యయనం 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడింది. సలహా ఎంత చిన్నదో గమనించండి: పిల్లలకు రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండి, లిచీ తక్కువ తిననివ్వండి, మూర్ఛ వస్తే వెంటనే గ్లూకోజు ఎక్కించండి. ఆ సలహా సడలిన 2019లో మరల వంద మందికి పైగా పిల్లలు పోయారు. పేదరికాన్ని ఏ అధ్యయనమూ నయం చేయలేదు, అది వేరే దుఃఖం. అయినా ఏం చేయాలో అక్కడి తల్లికి తెలుసు. మన దక్షిణపు వీధి తల్లికి తెలియదు.

మన రాష్ట్రంలోనే 2003 ఎండాకాలం నాటి మెదడువాపు వ్యాధిని నా వయసు వైద్యులు మరువలేరు. 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది మరణించారు. పుణే వైరాలజీ సంస్థ చాందీపురా వైరస్‌ను గుర్తించింది. అన్ని మరణాలకూ అదేనా కారణం అని హైదరాబాదు పిల్లల వైద్యులలో కొందరు గట్టిగా వాదించారు. ఆ వాదనలో ఎవరి పక్షం సరైనదో ఇక్కడ తేల్చబోను. కాని వాదన జరిగింది, వైద్య పత్రికలలో జరిగింది, లెక్కలు అందరి ముందూ ఉన్నాయి. అది ఆరోగ్యకరం.

ఏలూరులో ఇంటింటి సర్వే జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. కాని నేను చదివిన ప్రకటనలు వేటిలోనూ, జబ్బు పడినవారినీ పడనివారినీ పక్కపక్కన నిలిపి పోల్చిన లెక్క ప్రజలకు వివరించిన జాడ లేదు. పోలిక అంటే ఏమిటో ఊహకు ఒక ఉదాహరణ చెబుతాను. ఇవి కల్పించిన అంకెలు. జబ్బు పడిన 100 మందిలో 80 మంది వంకాయ తిన్నారనుకోండి. వెంటనే వంకాయ మీద అనుమానం వస్తుంది. కాని అదే వీధిలో జబ్బు పడని 100 మందిలో కూడా 80 మంది వంకాయ తిని ఉంటే వంకాయ నిర్దోషి. 20 మందే తిని ఉంటే మాత్రం ఆ వంకాయలు ఏ బండి నుండి వచ్చాయో వెంటనే కనుక్కోవాలి. అప్పుడు ప్రయోగశాలకు వంద రకాల నమూనాలు పంపనక్కరలేదు, ఒక్క బుట్ట పంపితే చాలు. లెక్క ముందు నడవాలి, పరీక్ష వెనుక రావాలి. మనం తిరగవేశాము. దొరికిన ప్రతిదానినీ పరీక్షిస్తే దొరికిన ప్రతిదానిలోనూ ఏదో ఒకటి కనబడుతుంది. రోజుకొక సంస్థ, రోజుకొక అనుమానం. జనం బెంబేలెత్తడంలో వింతేముంది?

నా మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. పురుగుమందు అందరి ఆహారంలోనూ ఉన్నప్పుడు, జబ్బు పడినవారికీ పడనివారికీ తేడా కనబడదు గదా, పోలిక వలన ప్రయోజనమేమిటని ఒక జూనియర్ మిత్రుడు నన్ను అడిగాడు. నిజమే. అటువంటప్పుడు ఒకే వీధిలో పోలిక చాలదు, ఊరికీ ఊరికీ పోల్చాలి. ఏలూరుకు వచ్చే కూరగాయలు ఏలూరు కోసమే పండవు. తాడేపల్లిగూడెం ఉల్లి, కూరగాయల మార్కెట్ల నుండి చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ సరుకు వెళుతుంది. మరి డిసెంబరు మొదటి వారంలో తాడేపల్లిగూడెం వీధులలో మనుషులు ఎందుకు పడిపోలేదు? నీటి సంగతి తీసుకుంటే, మున్సిపల్ నీరు త్రాగని ఇళ్ళలో కూడా కేసులున్నాయని అప్పట్లో అధికారులే చెప్పారు. అయితే ఆ ఇళ్ళవారు అంట్లు తోమడానికి, పళ్ళు తోముకోవడానికి ఏ నీరు వాడారు? 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలోనూ, దెందులూరు మండలం కొమిరేపల్లిలోనూ ఇటువంటి లక్షణాలతోనే మనుషులు పడిపోయారు. అవి ఏలూరు నీటి పైపుల మీద ఉన్న ఊళ్ళు కావు. ఆ రెండు ఊళ్ళకూ, దక్షిణపు వీధికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? వాటి నడుమ ఉండి కూడా జబ్బు రాని ఊళ్ళలో లేనిదేమిటి?

ఇంకొకటి. అది కార్తీకమాసం. మన ఇళ్ళలో ఆ నెల భోజనం తక్కిన నెలల భోజనం కాదు. చాలామంది మాంసాహారం మానివేసి కూరగాయలు ఎక్కువగా తింటారు; కొందరు ఒంటిపూట ఉంటారు; మరికొందరు ఏ మార్పూ లేకుండా ఉంటారు. ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో, మూడు రకాల భోజనాలు. ఇటువంటి అవకాశం పరిశోధకుడికి తేలికగా దొరకదు. నన్ను అడిగిన ఆవిడ ఇంట్లో అత్తగారి వంట వేరు. ఒక్క ఇంటి మాటను బట్టి నేనేమీ తేల్చడం లేదు. ఆవిడకు రాకపోవడం కాకతాళీయం కావచ్చు. ఆరు వందల ఇళ్ళలో అటువంటి అత్తగార్లు ఎందరున్నారో, వారిలో ఎందరికి వచ్చిందో, ఎందరికి రాలేదో లెక్క ఉంటే మాత్రం కొంతైనా తేలేది.

అప్పట్లో జిల్లాకొక ఆధునిక ప్రయోగశాల అన్న మాట వినబడింది. వద్దని ఎవరంటారు? కాని ఒక యంత్రం ఖరీదులో చిన్న భాగంతో, ప్రతి మండలంలోనూ ఆ నర్సమ్మగారి వంటి వారికి రెండు వరుసలు వ్రాయడం నేర్పవచ్చు. 2004 నుండి మనకు సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఉంది. కేసులు ఎన్ని వచ్చాయో పైకి పంపడానికి ఫారాలున్నాయి, ఇప్పుడు కంప్యూటరులోనే నింపుతున్నారు. ఫారం జబ్బును లెక్కపెడుతుంది. మామూలు రోజులలో అది చాలు. వింతజబ్బు వచ్చిన మొదటి రోజున మాత్రం, ఆసుపత్రి వార్డులో కాకుండా వీధిలో నిలబడి, ప్రతి రోగికీ ఇద్దరు ఆరోగ్యవంతులను ఎంచుకుని, నిన్న, మొన్న ఏమి తిన్నారు, ఏమి త్రాగారు, ఎక్కడికి వెళ్ళారు అని ఒకే ప్రశ్నలు అడిగే మనిషి కావాలి. రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకం చెదిరిపోతుంది. వంటింట్లో మిగిలిన కూర పారబోస్తారు, బియ్యం డబ్బా కడిగేస్తారు, బండివాడు కొత్త సరుకు తెస్తాడు. ఐదేళ్ళ తరువాత నాలాంటి వాడు ఎంత ఆలోచించినా ఆ బుట్ట తిరిగి రాదు. తేలిన విషయాన్ని, తేలని విషయాన్ని కూడా, ఆ వీధిలోనే ఒక సభ పెట్టి తెలుగులో చెప్పే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మాకు ఇంతవరకే తెలిసింది అని చెబితే జనం కోప్పడరు. చెప్పకుండా వెళ్ళిపోతేనే బాధపడతారు.

పాఠకులు తమ ఇళ్ళలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఎవరైనా మూర్ఛపోతే ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం వద్దు. సమయం చూసుకోండి, ఐదు నిమిషాలు దాటినా, మళ్ళీ వచ్చినా, మొదటిసారి వచ్చినదైనా 108కి ఫోను చేయండి. కూరగాయలను కుళాయి ధార కింద బాగా రుద్ది కడిగితే పైన అంటిన మందు కొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు, కనుక పురుగుమందు అవశేషాల నియంత్రణ ఇల్లాలి బాధ్యత మాత్రమే అన్నట్లు మాట్లాడే వారి మాటలు నమ్మకండి. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు వాడవద్దు. వీధిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఒకే లక్షణాలతో పడిపోతే, ఆ పూట వండినది పారబోయకండి. ఒక్కొక్కటి వేరువేరుగా శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఎవరూ తినకుండా చూసి, ఆరోగ్య సిబ్బంది వస్తే ఇవ్వండి. ఒక కాగితం మీద ఇంట్లోని వారందరి పేర్లూ వ్రాయండి. వచ్చినవారివి మాత్రమే కాదు, రానివారివి కూడా. రెండు రోజులలో ఎవరేమి తిన్నారో ఎదురుగా వ్రాయండి.

2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లోగాని, మరుసటి నెల పూళ్ళ, కొమిరేపల్లి గ్రామాలలోగాని ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే నాదొక మనవి. మీ ఇంట్లో ఆ జబ్బు రానివారు ఎవరు, వారు ఆ రోజులలో తక్కిన వారికంటె వేరుగా ఏమి తినేవారు, ఏ నీరు త్రాగేవారు అన్నది గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద వ్రాసి తేదీ వేసి దాచండి. ఐదేళ్ళ నాటి జ్ఞాపకానికి శాస్త్రంలో విలువ తక్కువేనని నాకు తెలుసు. నన్ను అడిగిన ఆవిడకు కూడా అదే చెప్పాను. మరునాడు ఆవిడ ఫోను చేశారు. అత్తగారిని అడిగి వ్రాయించారట. ఆవిడకు ఎనభై రెండేళ్ళు. ఆ నెలలో ఏ రోజు ఏమి వండుకున్నారో సోమవారాల లెక్కతో సహా చెప్పుకొచ్చారట, నాలుగు పేజీలు అయిందట. కాగితాలు ఎక్కడ ఇవ్వాలని అడిగారు. నా దగ్గరకు తెమ్మన్నాను.